నడుస్తున్న వర్చువల్ మెషిన్‌కు డిస్కు తగిలించే వేళ, విప్పే వేళ

విజయవాడ వైపు నుంచి వచ్చి విజయనగరం వైపు వెళ్లే బండి విశాఖపట్నం స్టేషన్‌లో దిశ మార్చుకుంటుందని ఈ ఊరివాళ్లకు చెప్పనక్కరలేదు. ముందున్న ఇంజనును విప్పి, వెనకవైపు ఇంజను తగిలిస్తారు. అంతసేపూ జనం బోగీల్లో కూర్చునే ఉంటారు, పిల్లలు కిటికీల్లోంచి చూస్తూనే ఉంటారు. ఇంజను విప్పే మనిషి ఒక వరస తప్పకుండా పని చేస్తాడు. ముందుగా ఇంజనుకూ బోగీకీ మధ్యనున్న బ్రేకు గొట్టాల కాక్‌లను రెండు వైపులా మూస్తాడు, తరువాత గొట్టాలను విడదీస్తాడు, ఆ తరువాతే కప్లింగ్ జోలికి వెళ్తాడు, అంతా అయి తాను పట్టాల మధ్య నుంచి బయటికి వచ్చాకనే ఇంజను కదలడానికి సైగ చేస్తాడు. కాక్‌లు మూయకుండా గొట్టం విడదీస్తే లోపలి గాలి ఒక్కసారిగా బయటకు తన్నుతుంది. సైగ అందకముందే ఇంజను కదిలితే జరిగేది ఊహించడానికి కూడా మనసు రాదు. ఇక్కడ ప్రమాదం ఏ ఒక్క పనిలోనూ లేదు, పనుల వరస తప్పడంలో ఉంది.

నడుస్తున్న కంప్యూటరును ఆపకుండానే దానికి డిస్కునో నెట్‌వర్క్ కార్డునో తగిలించడాన్నీ, విప్పడాన్నీ హాట్‌ప్లగ్ అంటారు. వర్చువల్ మెషిన్ విషయంలో, అంటే ఒక కంప్యూటరు లోపల ప్రోగ్రాముగా నడిచే మరో కంప్యూటరు విషయంలో, తగిలించేది చేతితో పట్టుకునే వస్తువు కాదు. హోస్టు అనే అసలు కంప్యూటరు మీద నడిచే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము తన మెమరీలో కొన్ని నిర్మాణాలను సృష్టించి, గెస్టుకు, అంటే వర్చువల్ మెషిన్ లోపలి ఆపరేటింగ్ సిస్టంకు, కొత్త పరికరం వచ్చిందని తెలియజేస్తుంది, అంతే. వస్తువే లేనప్పుడు పని తేలికగా ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. నా అనుభవం మాత్రం ఇందుకు విరుద్ధంగా ఉంది. నిజమైన సర్వరులో డిస్కును లాగే చేతికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, ఎమ్యులేటరులో అదే పని మైక్రోసెకన్లలో జరిగిపోతుంది, ఆ మైక్రోసెకన్లలోనే అదే ప్రోగ్రాములోని వేరే థ్రెడ్లు, అంటే పక్కపక్కనే ఏకకాలంలో సాగే పనుల ధారలు, అదే డిస్కును వాడుకుంటూ ఉంటాయి.

ఈ విషయాన్ని నేను పుస్తకం చదివి కాదు, ఒక బ్యాకప్ స్క్రిప్టు వల్ల నేర్చుకున్నాను. రుషికొండ మీద నేను పనిచేసే చిన్న ఆఫీసులో మేము కొందరు వినియోగదారుల వర్చువల్ మెషిన్లను చూసుకుంటాం. రాత్రి వేళ ప్రతి మెషిన్‌కూ ఒక డిస్కును తగిలించి, దాని మీద బ్యాకప్ రాసి, పని అయ్యాక విప్పేయడం ఆ స్క్రిప్టు పని. విప్పమని కమాండు ఇచ్చిన 3 సెకన్లలో డిస్కు పోకపోతే మళ్లీ అదే కమాండు ఇచ్చేలా నేనే రాశాను. చాలా మెషిన్లలో అది సజావుగా నడిచింది. కొన్నింటిలో మాత్రం తెల్లవారేదాకా స్క్రిప్టు కమాండు ఇస్తూనే ఉంది, డిస్కు అలాగే ఉంది. నాతో పనిచేసే కుర్రాడు లాగ్ చూసి, "అన్నా, కమాండుకి ఒక్క ఎర్రర్ కూడా రాలేదు కదా, మరి డిస్కు ఎందుకు పోలేదు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే హాట్‌ప్లగ్ లోపలి యంత్రాంగం మొత్తం విప్పి చూడవలసి వస్తుంది.

ఒకే ప్రోగ్రాములో ఎందరు పనివాళ్లు

ఇక్కడ నేను చెప్పేదంతా ప్రధానంగా క్యూఎము గురించి. 2003లో ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టిన ఈ ఎమ్యులేటరుకు, 2007లో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) 2.6.20తో పాటు వచ్చిన కేవీఎం అనే భాగం తోడయ్యాక, గెస్టు సూచనలు నేరుగా అసలు ప్రాసెసరు మీదనే నడవడం సాధ్యమైంది. పరికరాలను అనుకరించే బాధ్యత మాత్రం క్యూఎముదే. గెస్టుకు నాలుగు ప్రాసెసర్లు ఇస్తే క్యూఎములో వాటికి నాలుగు థ్రెడ్లు ఉంటాయి. టైమర్లనూ నిర్వహణ కమాండ్లనూ చూసుకునే ప్రధాన థ్రెడ్ ఒకటి ఉంటుంది. డిస్కు పని వేగంగా సాగడానికి ఐఓథ్రెడ్లు అని విడిగా కొన్నింటిని పెట్టుకోవచ్చు. వీటన్నింటికీ అవతల, గెస్టు కెర్నల్ అనే పూర్తిగా స్వతంత్రమైన వ్యక్తి ఒకడున్నాడు. అతను మన మాట ఎప్పుడు వింటాడో, అసలు వింటాడో లేదో మన చేతిలో ఉండదు.

ఇంతమంది ఒకే వస్తువును తాకేటప్పుడు, ఎవరు ముందు వచ్చారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతే దాన్ని రేస్ కండిషన్ అంటారు. హాట్‌ప్లగ్‌లో ఇవి రెండు స్థాయిల్లో పుడతాయి. ఒకటి ఎమ్యులేటరుకూ గెస్టుకూ మధ్య సాగే సంభాషణలో, రెండోది ఎమ్యులేటరు లోపల థ్రెడ్ల మధ్య. మొదటి రకం సెకన్ల మీద నడుస్తుంది కాబట్టి ఓపికగా లాగ్ చదివితే పట్టుబడుతుంది. రెండో రకం వెయ్యిసార్లు బాగా నడిచి, ఒకసారి మెషిన్‌ను కూల్చి, ఆ తరువాత ఎంత ప్రయత్నించినా మళ్లీ కనబడదు.

విప్పమనడం ఒక విన్నపం

క్యూఎములో పరికరాన్ని తీసేయడానికి 'డివైస్ డెల్' అనే కమాండు ఉంది. దాని పేరు చూసి అది పరికరాన్ని తొలగిస్తుందని అనుకుంటాం. పీసీఐ అనే మార్గం ద్వారా మదర్‌బోర్డుకు తగిలే పరికరాల విషయంలో అది చేసేది విన్నపం మాత్రమే: ఈ పరికరాన్ని వదిలిపెట్టమని గెస్టుకు కబురు పంపి, ఆ కబురు పంపడం అయిందని మనకు జవాబిస్తుంది. పరికరం నిజంగా పోయినప్పుడు 'డివైస్ డిలీటెడ్' అనే సంకేతం విడిగా వస్తుంది. ఈ రెండింటి మధ్య ఎంతకాలమైనా గడవవచ్చు. గెస్టు ఆ డిస్కు మీది ఫైల్ సిస్టంను ఇంకా వాడుతూ ఉండవచ్చు, విన్నపాన్ని నిరాకరించవచ్చు, అసలు ఇంకా బూట్ అవుతూ ఉండి ఆ కబురును వినే స్థితిలోనే లేకపోవచ్చు. మా కుర్రాడు ఎర్రర్ రాలేదన్నది నిజమే, కబురు సరిగ్గానే వెళ్లింది కాబట్టి.

ఆ కబురు వెళ్లే దారులు రెండు. పాత ఐ440ఎఫ్ఎక్స్ నమూనా మెషిన్లలో అది ఏసీపీఐ అనే, ఆపరేటింగ్ సిస్టంకూ హార్డ్‌వేరుకూ మధ్యనున్న ప్రమాణం ద్వారా వెళుతుంది. క్యూఎము రిజిస్టరు అనే ఒక చిన్న గడిలో ఫలానా స్లాటును తీసేయాలని బిట్ పెట్టి, గెస్టుకు అంతరాయ సంకేతం పంపుతుంది. గెస్టు ఆ బిట్‌ను చదివి, డ్రైవరును ఆపి, అంతా సర్దుకున్నాక ఎజెక్ట్ రిజిస్టరులోకి ఒక విలువ రాస్తుంది. అలా రాసిన క్షణంలోనే క్యూఎము పరికరాన్ని నిజంగా తొలగిస్తుంది. అప్పటిదాకా ఆ బిట్ వేచి ఉంటుంది. గెస్టు స్పందించకుండానే రీసెట్ అయితే, మిగిలిపోయిన తొలగింపులను క్యూఎము ఆ రీసెట్ సమయంలో పూర్తి చేస్తుంది. రీబూట్ తరువాత డిస్కు తనంతట తానే మాయమైందని కొందరు కంగారు పడడానికి కారణం ఇదే.

రెండో దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్ సొంత పద్ధతి. ఇది అసలు సర్వర్ల నుంచి వచ్చింది. వాటిలో స్లాటు పక్కన ఒక బటన్, ఒక దీపం ఉంటాయి. బటన్ నొక్కితే దీపం మినుకుమినుకుమంటుంది. పొరపాటున నొక్కినవారికి మనసు మార్చుకునే అవకాశం ఉండాలని 5 సెకన్ల గడువు ఇస్తారు, ఆ గడువులో మళ్లీ నొక్కితే విన్నపం రద్దవుతుంది. లినక్స్ కెర్నల్‌లోని డ్రైవరు ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తుంది. క్యూఎము కూడా, అనుకరణ కాబట్టి, 'డివైస్ డెల్' అన్న ప్రతిసారీ ఆ ఊహా బటన్‌ను ఒకసారి నొక్కేది.

ఇప్పుడు నా స్క్రిప్టును గుర్తు తెచ్చుకోండి. సున్నా సెకను దగ్గర మొదటి కమాండు, గడువు మొదలు. 3వ సెకనులో రెండో కమాండు, విన్నపం రద్దు. 6వ సెకనులో మూడో కమాండు, మళ్లీ గడువు మొదలు. 9వ సెకనులో మళ్లీ రద్దు. ఐ440ఎఫ్ఎక్స్ మెషిన్లలో ఈ స్క్రిప్టు చక్కగా నడిచి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ పద్ధతి వాడే క్యూ35 అనే కొత్త నమూనా మెషిన్లలో తెల్లవారేదాకా ఆగిపోవడానికి కారణం నేను పెట్టిన ఆ 3 సెకన్ల గడువు మాత్రమే. ఒకవేళ 7 సెకన్లు పెట్టి ఉంటే ఈ లోపం నాకు ఎప్పటికీ తెలిసేది కాదేమో. తరువాతి క్యూఎము వెర్షన్లు ఇలా జరగకుండా జాగ్రత్త పడ్డాయి. దీపం మినుకుమంటున్నప్పుడు రెండో విన్నపం వస్తే గెస్టు పనిలో ఉందని చెప్పి తిరస్కరిస్తాయి. తొలగింపు ఇప్పటికే జరుగుతోందని గుర్తుపెట్టుకుంటాయి కూడా. ఆ తిరస్కరణ వచ్చిన రోజున కొందరు దాన్ని కొత్త ఇబ్బందిగా చూశారు. నా దృష్టిలో నిశ్శబ్దంగా రద్దు కావడం కన్నా స్పష్టంగా కాదనడం ఎంతో మేలు.

ఈ స్థాయిలో గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, పరికరానికి ఉన్నది, లేనిది అనే రెండు స్థితులే కాక, వెళ్లమన్నాం కానీ ఇంకా వెళ్లలేదు అనే మూడో స్థితి ఉంది, ఆ స్థితికి కాలపరిమితి లేదు. అదే పేరుతో మరో డిస్కును తగిలించబోతే పేరు ఇంకా వాడుకలో ఉందని ఎర్రర్ వస్తుంది. తొలగింపు అయిందనుకుని హోస్టు మీది డిస్కు ఫైలును వేరే మెషిన్‌కు ఇచ్చేస్తే, రెండు గెస్టులు ఒకే ఫైలులో రాసుకుని రెంటి సమాచారమూ పాడయ్యే ప్రమాదం ఉంది. ఈ రెండోది నిశ్శబ్దంగా జరిగే నష్టం. మెషిన్ కూలిపోతే వెంటనే తెలుస్తుంది, బ్యాకప్ పాడైతే దాని అవసరం పడిన నాడే తెలుస్తుంది.

తలుపు తెరిచి, ఇల్లు ఇంకా కట్టకుండా

ఇప్పుడు రెండో స్థాయికి వస్తాను. ఒక స్కజీ డిస్కును (స్కజీ అంటే డిస్కులకు కమాండ్లు పంపే ఒక ప్రమాణం) తగిలించేటప్పుడు క్యూఎము లోపల ఏం జరుగుతుందో వరసగా చూద్దాం. ముందుగా పరికరపు నిర్మాణం మెమరీలో పుడుతుంది. తరువాత అది ఫలానా కంట్రోలరు బస్సు (డిస్కులు తగిలే మార్గం) తాలూకు పిల్లల, అంటే దానికి తగిలిన పరికరాల, జాబితాలో చేరుతుంది. ఆ తరువాత 'రియలైజ్' అనే దశలో డిస్కు ఫైలు, బ్లాకు పరిమాణం, యూనిట్ సంఖ్య వంటివన్నీ సరిచూసి, అన్నీ కుదిరితే పరికరం సిద్ధమైందని జెండా ఎగరేస్తుంది. గమనించవలసింది ఏమిటంటే, జాబితాలో చేరడం ముందు, సిద్ధం కావడం తరువాత. ఈ రెంటి మధ్య కొద్దిపాటి ఖాళీ ఉంది.

ఈ పని చేసేది ప్రధాన థ్రెడ్. క్యూఎములో పెద్ద లాక్ అని ఒకటి ఉంది, దాన్ని ఒకసారికి ఒక థ్రెడ్ మాత్రమే పట్టుకోగలదు. ఒకప్పుడు పరికరాలను తాకేవాళ్లంతా దాన్ని పట్టుకునే తాకేవారు కాబట్టి ఆ ఖాళీ ఎవరికీ కనబడేది కాదు. వర్చువల్ మెషిన్ల కోసమే రూపొందిన వర్ట్‌ఐఓ స్కజీ కంట్రోలరుకు ఐఓథ్రెడ్ కేటాయించినప్పుడు పరిస్థితి మారింది. గెస్టు పంపే డిస్కు కమాండ్లను ఐఓథ్రెడ్ ఆ పెద్ద లాక్ లేకుండానే అందుకుంటుంది. అందుకుని, కమాండు ఏ యూనిట్‌కు వచ్చిందో చూసి, ఆ యూనిట్ కోసం బస్సు పిల్లల జాబితాను వెతుకుతుంది. గెస్టులో ఎవరో సరిగ్గా ఆ క్షణంలో కొత్త డిస్కుల కోసం బస్సును స్కాన్ చేయిస్తే ఏమవుతుంది? ఐఓథ్రెడ్‌కు జాబితాలో కొత్త డిస్కు కనబడుతుంది, కానీ ఆ డిస్కు ఇంకా సగమే తయారై ఉంటుంది. దాని వెనక ఉండవలసిన ఫైలుకు పాయింటరు, అంటే మెమరీలో దాని చిరునామా, ఇంకా పెట్టి ఉండకపోవచ్చు. ఆ సగం డిస్కు మీద కమాండు నడిపితే క్యూఎము అక్కడికక్కడే కూలుతుంది, దానితో పాటు ఆ గెస్టులో నడుస్తున్న సర్వస్వం కూలుతుంది. గృహప్రవేశానికి శుభలేఖలు పంచి, ఇంటికి పైకప్పు వేయని స్థితి అది.

విప్పేటప్పుడు ఇదే ఖాళీ మరోవైపు నుంచి తెరుచుకుంటుంది. ఐఓథ్రెడ్ జాబితాలో డిస్కును కనుగొని, దాని పాయింటరును చేతిలో పట్టుకుని, ఇంకా పని మొదలుపెట్టకముందే ప్రధాన థ్రెడ్ ఆ డిస్కును తొలగించి మెమరీని విడిచిపెడితే, ఐఓథ్రెడ్ చేతిలో ఉన్నది చెల్లని చిరునామా. ఆ చిరునామాలో అప్పటికి మరెవరిదో సమాచారం చేరి ఉంటుంది. జాబితా కూడా సురక్షితం కాదు. ఒకరు జాబితాలోని ఒక ముడిని విప్పుతుండగా మరొకరు దాని మీదుగా నడిస్తే, నడిచేవారు ఎక్కడికో వెళ్లిపోతారు.

2020లో క్యూఎము అభివృద్ధిదారులు ఈ ఖాళీలను మూశారు. ఆ మార్పులు నాకు ఎంతో నచ్చినవి, ఎందుకంటే ఒక్క లాక్ బిగించి వదిలేయకుండా, ఏ క్షణంలో ఎవరికి ఏమి కనబడాలన్న ప్రశ్నకు ఒక్కొక్కటిగా జవాబిచ్చారు. మొదటి జవాబు సిద్ధమన్న జెండా గురించి. ఐఓథ్రెడ్ జాబితాలో దొరికినదాన్ని వెంటనే వాడకుండా ముందు ఆ జెండాను చూడాలి, జెండా లేకపోతే అసలు ఆ డిస్కు లేనట్టే భావించాలి. అయితే జెండాను మామూలుగా రాస్తే సరిపోదు. ఆధునిక ప్రాసెసరు, అంతకన్నా ముందు కంపైలరు, వేగం కోసం రాతల వరసను మార్చగలవు. ఒక థ్రెడ్ ముందు డిస్కు వివరాలు రాసి, తరువాత జెండా ఎగరేసినా, మరో ప్రాసెసరు మీది థ్రెడ్‌కు జెండా ముందు కనబడి, వివరాలు తరువాత కనబడే అవకాశం ఉంది. ఆర్మ్ ప్రాసెసర్ల మీద ఇది ఎక్కువ, ఎక్స్86 మీద తక్కువ. అందుకే జెండాను ఎగరేసేటప్పుడు, దీనికన్నా ముందు రాసినవన్నీ అందరికీ కనబడ్డాకే ఇది కనబడాలి అనే షరతుతో రాస్తారు. విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది. అన్నిటికన్నా ముందు జెండాను దించి, ఆ దించడం అందరికీ కనబడేలా చేసి, ఆ తరువాతే లోపలి నిర్మాణాన్ని కూల్చడం మొదలుపెడతారు. ఇంజను విప్పే మనిషి ముందుగా కాక్‌లు మూసినట్టే.

కానీ జెండా ఒక్కటే చాలదు. జెండా ఎగురుతున్నప్పుడు చూసి లోపలికి అడుగుపెట్టినవాడు, మరుక్షణం జెండా దిగితే, లోపలే ఉంటాడు. అతను బయటికి వచ్చేదాకా ఇల్లు కూల్చకూడదు.

కైలాసగిరి రోప్‌వే పాఠం

అతను బయటికి వచ్చేదాకా ఆగే పద్ధతికి ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) అని పేరు. లినక్స్ కెర్నల్‌లో చాలాకాలంగా ఉన్న ఈ పద్ధతి 2015లో క్యూఎములోకి వచ్చింది. కొత్తవారికి దీన్ని వివరించేటప్పుడు నేను కైలాసగిరి రోప్‌వేను చూపిస్తాను. సాయంత్రం రోప్‌వేను ఆపాలంటే తీగను ఉన్నపళంగా నిలిపివేయరు, అప్పటికే గాలిలో వేలాడుతున్న పెట్టెల్లో మనుషులుంటారు. ముందు కింద టికెట్లు ఇవ్వడం ఆపుతారు, అంటే ఇక కొత్తవారు ఎక్కరు. తరువాత, టికెట్లు ఆపేటప్పటికి ఎక్కి ఉన్నవారంతా దిగేదాకా ఆగుతారు. ఆ తరువాతే తీగ ఆగుతుంది. టికెట్లు ఆపాక దిగువకు వచ్చి నిలబడినవారి కోసం ఎదురుచూడనక్కరలేదు, వారు ఎక్కరు కాబట్టి.

ఆర్‌సీయూ కూడా అంతే. జాబితా నుంచి డిస్కును విడదీయడం టికెట్లు ఆపడం. అప్పటికే జాబితాను చదువుతున్న థ్రెడ్లన్నీ తమ చదువు ముగించేదాకా ఆగడం రెండో దశ. మెమరీని విడిచిపెట్టడం మూడో దశ. ఇందులో గొప్పదనం ఏమిటంటే చదివేవారు లాక్ పట్టుకోనక్కరలేదు, తాము చదవడం మొదలుపెట్టామని, ముగించామని గుర్తు పెట్టుకుంటే చాలు. డిస్కు కమాండ్లు సెకనుకు లక్షల్లో వచ్చే చోట ప్రతి కమాండుకూ ఒక లాక్ పట్టుకోవడం భరించలేని ఖర్చు. ఇక చదువు ముగిశాక కూడా డిస్కును చాలాసేపు వాడవలసిన కమాండు అయితే, ఐఓథ్రెడ్ ఆ రక్షణలో ఉండగానే డిస్కు మీద తన పేరిట ఒక లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క సున్నాకు దిగేదాకా మెమరీ ఎక్కడికీ పోదు. జెండా, ఆర్‌సీయూ, లెక్క ఈ మూడూ కలిస్తేనే ఆ ఖాళీ పూర్తిగా మూసుకుంటుంది. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా మిగతా రెండూ నిరుపయోగమని నేను గట్టిగా చెప్పగలను.

అయితే ఆగడానికీ ఒక వెల ఉంది. ఆర్‌సీయూ కింద తొలగింపు వెంటనే జరగదు, చదివేవారు ముగించాక జరుగుతుంది. కమాండు ఇచ్చినవారు మాత్రం కమాండు తిరిగి వచ్చేసరికి పని పూర్తయి ఉంటుందని ఆశిస్తారు. ఉదాహరణకు, తప్పు ఆప్షన్‌తో ఒక డిస్కును తగిలించబోయి ఎర్రర్ వస్తే, వెంటనే సరిచేసి మళ్లీ ఇస్తాం. సగం పుట్టి ఆగిపోయిన పాత డిస్కు ఇంకా పూర్తిగా పోకపోతే, అది పట్టుకున్న వనరులు మనకు అడ్డు వస్తాయి. అందుకని అదే మార్పుల్లో, కమాండు తిరిగి వెళ్లేముందు పేరుకుపోయిన ఆర్‌సీయూ పనులన్నీ ముగిసేదాకా ఆగే ఏర్పాటు చేశారు. ఆ పనులను నడిపే థ్రెడ్‌కు పెద్ద లాక్ కావాలి. ఆగి ఉన్న ప్రధాన థ్రెడ్ ఆ లాక్‌ను పట్టుకునే ఆగితే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. కాబట్టి ఆగేముందు లాక్‌ను వదలాలి. లాక్ వదిలిన ఆ కొద్దిసేపట్లో గెస్టు ప్రాసెసరు థ్రెడ్ వచ్చి వేరే ఏదో మార్చవచ్చు. ఒక ఖాళీని మూయడానికి వేసిన అడుగు మరో ఖాళీని తెరవగలదు. అందుకే ఇలాంటి చోట లాక్ తిరిగి పట్టుకున్నాక, ముందు చూసిన సంగతులన్నీ మళ్లీ చూడాలి, పాత జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

మరచిపోయిన టైమరు

డిస్కు పాయింటరును పట్టుకునేది థ్రెడ్లు మాత్రమే కాదు. ఒక పరికరం తన జీవితకాలంలో ఎన్నిటికో తన చిరునామా ఇస్తుంది: టైమర్లకు, అంతరాయాల మార్గాలకు, ఇంకా పూర్తికాని చదువు రాతలకు. విప్పేటప్పుడు వాటన్నిటి దగ్గరా ఆ చిరునామాను రద్దు చేయాలి. ఒక్కటి మరచినా ఏమవుతుందో 2011లో నెల్సన్ ఎల్హేజ్ అనే భద్రతా పరిశోధకుడు చూపించాడు. సీవీఈ అనే భద్రతా లోపాల బహిరంగ జాబితాలో సీవీఈ-2011-1751 అని నమోదైన ఆ లోపం నేను పైన చెప్పిన ఎజెక్ట్ రిజిస్టరులోనే ఉంది. హెక్సాడెసిమల్‌లో ఏఈ08 అనే ఆ పోర్టులోకి గెస్టు ఏ స్లాటు తాలూకు బిట్ రాస్తే ఆ స్లాటును, అది విప్పదగినదా కాదా అని చూడకుండా, అప్పటి ఎమ్యులేటరు తొలగించేది. గెస్టులో రూట్ అధికారం ఉన్నవాడు మదర్‌బోర్డులో భాగమై పాత తరహా పరికరాలను కలిపే ఐఎస్ఏ బ్రిడ్జినే విప్పేయగలిగాడు. ఆ బ్రిడ్జితో పాటు గడియారపు పరికరం మెమరీ కూడా పోయింది, కానీ దాని టైమరు ప్రధాన థ్రెడ్ జాబితాలో అలాగే ఉండిపోయింది. సమయం రాగానే ఆ టైమరు, చనిపోయిన పరికరపు చిరునామాకు వెళ్లింది. ఆ చిరునామాలో తనకు కావలసిన బైట్లను పెట్టి ఉంచగలిగినవాడు గెస్టులో కూర్చుని హోస్టు మీద తన కోడ్ నడిపించగలడని అతను నిరూపించాడు.

2014లో సీవీఈ-2014-3471గా నమోదైన మరో లోపం పీసీఐ ఎక్స్‌ప్రెస్ హాట్‌ప్లగ్ కోడ్‌లో బయటపడింది. వర్ట్‌ఐఓ డిస్కులను తగిలించడం, విప్పడం ద్వారా గెస్టు తన ఎమ్యులేటరును కూల్చగలిగేది. ఈ రెండూ చూశాక హాట్‌ప్లగ్ రేసులను స్థిరత్వ సమస్యలని మాత్రమే అనడం నాకు ఇష్టం ఉండదు. వేర్వేరు వినియోగదారుల మెషిన్లు ఒకే హోస్టు మీద పక్కపక్కన నడిచే చోట, విడిచిన మెమరీని మళ్లీ తాకడం అంటే ఒకరి ఇంటికీ మరొకరి ఇంటికీ మధ్య గోడ పడిపోవడమే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ కేంద్రాన్ని ప్రకటించిన తరువాత, ఇక్కడి కళాశాలల విద్యార్థులు క్లౌడ్ పనుల గురించి నన్ను తరచు అడుగుతున్నారు. వారికి నేను మొదట చెప్పేది ఈ గోడ గురించే.

పట్టుకోవడం ఎలా

రేసును మామూలు పరీక్షలతో పట్టుకోలేం, ఎందుకంటే ఆ ఖాళీ కొన్ని మైక్రోసెకన్లే. ఖాళీని పెద్దది చేయడం నేను ఎక్కువగా వాడే ఉపాయం. పరికరం జాబితాలో చేరడానికీ జెండా ఎగరడానికీ మధ్య, పరీక్ష కోసం మాత్రమే, ఒక సెకను నిద్ర పెట్టి, ఆ సమయంలో గెస్టులో బస్సును వరసగా స్కాన్ చేయిస్తే, వెయ్యిసార్లలో ఒకసారి వచ్చే లోపం ప్రతిసారీ వస్తుంది. మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్‌తో, థ్రెడ్ల తగాదాలను పట్టే థ్రెడ్ శానిటైజర్‌తో క్యూఎమును కట్టి నడిపితే, కూలకముందే ఎవరు ఎవరి వస్తువును తాకారో పేరుతో సహా చెబుతాయి. వేగం బాగా తగ్గుతుంది కాబట్టి వీటిని పరీక్ష హోస్టుల మీదనే వాడాలి.

మెషిన్‌ను ఒక హోస్టు నుంచి మరో హోస్టుకు తరలించే మైగ్రేషన్ సమయంలో క్యూఎము కొత్త పరికరాలను తగిలించనివ్వదు. రెండు వైపులా పరికరాల జాబితా ఒకేలా ఉండాలి కాబట్టి ఇది న్యాయమే. నిర్వహణ స్క్రిప్టు రాసేవారు ఈ ఎర్రర్‌ను లోపంగా చూడకుండా, మైగ్రేషన్ ముగిశాక ప్రయత్నించవలసిన పనిగా పక్కన పెట్టుకోవాలి.

ఇక మా స్క్రిప్టు సంగతి. వర్చువల్ మెషిన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేరులోని విప్పే కమాండు కూడా తొలగింపు సంకేతం కోసం కొన్ని సెకన్లే ఆగి తిరిగి వచ్చేస్తుంది, కాబట్టి దాని జవాబు మీద కూడా ఆధారపడడం మానేశాం. ఇప్పుడు విన్నపం ఒక్కసారే పంపి, సంకేతం కోసం ఎదురుచూస్తాం. గెస్టు నిరాకరించిందన్న కబురు వస్తే గానీ, ముందే పెట్టుకున్న పెద్ద గడువు దాటితే గానీ రెండోసారి అడగం. బ్యాకప్ ఫైలును తొలగింపు సంకేతం వచ్చాకనే ముట్టుకుంటాం.

ఈ మార్పు రాసేటప్పుడు కూడా నేను ఒక రేసు రాశాను. స్క్రిప్టు మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే, ముందు పరికరాల జాబితా అడిగి, డిస్కు ఇంకా ఉందని తెలిస్తే, అప్పుడు సంకేతాలు వినడం మొదలుపెట్టేది. జాబితా అడిగిన తరువాత, వినడం మొదలయ్యేలోపు డిస్కు పోతే, ఆ సంకేతం ఎవరికీ వినబడదు, స్క్రిప్టు పోయిన డిస్కు కోసం గడువు తీరేదాకా ఎదురుచూస్తుంది. మా కుర్రాడే దాన్ని పట్టుకున్నాడు. ఆ రెండు వరసలనూ తారుమారు చేశాం: ముందు వినడం మొదలుపెట్టి, తరువాత జాబితా అడుగుతుంది. జాబితాలో డిస్కు లేకపోతే పని అయిపోయినట్టు, ఉంటే సంకేతం ఇక తప్పకుండా వినబడుతుంది.